ఇంటిపేరు లేని మెథడ్లు

మన తెలుగువాళ్ళు ఓ పదిహేను మంది ఉన్న ఏ టీంలో చూసినా కనీసం ఇద్దరు శ్రీనివాసులుంటారు. ముగ్గురున్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. అందుకే మనకి ఇంటిపేరనే సౌకర్యం ఉంది. దాని మొదటి అక్షరం ముందు తగిలించి కె. శ్రీనివాస్, వి. శ్రీనివాస్ అనుకుంటాం. పక్క సీట్లో కూర్చున్నవాడికి ఈ అక్షరంతో పని లేదు, మొహం చూసి పిలుస్తాడు. దూరం నుంచి మెయిల్ పంపేవాడికే దాంతో పని. అది లేకుండా పంపిన మెయిల్ ఎవరికీ చేరకుండా తిరిగొస్తే మంచిదే, కనీసం సంగతి తెలుస్తుంది. వేరే శ్రీనివాస్ కి చేరి, ఆయన చదివి ఊరుకుంటేనే కొంప మునుగుతుంది.

జావాలో ఓవర్‌లోడెడ్ మెథడ్లు అచ్చం ఈ శ్రీనివాసుల్లాంటివే. ఒకే పేరుతో నాలుగైదు మెథడ్లు ఉంటాయి, ఆర్గ్యుమెంట్ల టైపులు మాత్రం వేరు. జావాలో రాసేవాడికి ఇది ఇబ్బంది కాదు. పక్క సీట్లో కంపైలర్ ఉంటుంది, మొహం చూసి పిలుస్తుంది. క్లోజర్ లాంటి డైనమిక్ ఫంక్షనల్ లాంగ్వేజ్ నుంచి పిలిచేవాడిది దూరం నుంచి మెయిల్ పంపే పని. (ఇక్కడ క్లోజర్ అంటే మధ్యలో జె అక్షరం ఉన్న లాంగ్వేజ్ పేరు. ఫంక్షన్ల విషయంలో వాడే ఆ ఇంకో క్లోజర్ కాదు. చూశారా, పేర్ల గోల ఇక్కడే మొదలైంది :))

నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. ఇలాంటి చోట దెబ్బ తగిలినప్పుడల్లా మనం డైనమిక్ లాంగ్వేజ్ ని తిడతాం, లేదా ఆ లైను రాసిన కుర్రాడిని తిడతాం. నా ఉద్దేశంలో ఇద్దరిదీ కాదు తప్పు. వేర్వేరు పనులకి ఒకే పేరు పెట్టినవాడిది. ఆ పేరు వల్ల వచ్చే ఖర్చు మాత్రం పెట్టినవాడు కట్టడు, పిలిచేవాడు కడతాడు.

ముందు జావా సంగతి చూద్దాం. చాలామంది ఓవర్‌లోడింగ్ అనేది ప్రోగ్రాం నడుస్తున్నప్పుడు జరిగే ఎంపిక అనుకుంటారు. కాదు. అది ఓవర్‌రైడింగ్. ఓవర్‌లోడింగ్ లో ఏ మెథడ్ అన్నది కంపైల్ చేసేటప్పుడే తేలిపోతుంది. అది కూడా వేరియబుల్ లో ఉన్న అసలు వస్తువుని బట్టి కాదు, ఆ వేరియబుల్ ని ఏ టైపుగా డిక్లేర్ చేశామన్నదాన్ని బట్టి. ఆబ్జెక్ట్ అని డిక్లేర్ చేసిన వేరియబుల్ లో స్ట్రింగ్ పెట్టి ప్రింట్‌ఎల్‌ఎన్ కి ఇస్తే, జావా పిలిచేది ఆబ్జెక్ట్ తీసుకునే ప్రింట్‌ఎల్‌ఎన్ నే.

ఆ ఎంపికకి మూడు దశలున్నాయి. మొదట ప్రిమిటివ్ లని ఆబ్జెక్టులుగా మార్చకుండా (అదే బాక్సింగ్) సరిపోయేది ఉందా అని చూస్తుంది. లేకపోతే బాక్సింగ్ కి ఒప్పుకుని చూస్తుంది. అప్పటికీ లేకపోతే ఎన్ని ఆర్గ్యుమెంట్లైనా తీసుకునే మెథడ్లని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఒక దశలో ఒకటి కంటే ఎక్కువ సరిపోతే వాటిలో అన్నిటికంటే నిర్దిష్టమైనదాన్ని తీసుకుంటుంది. అదీ తేలకపోతే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది.

ఇంత చేశాక క్లాస్ ఫైల్లో ఏం రాస్తుందో ఎప్పుడైనా చూశారా? జావాపీ కమాండ్ తో విప్పి చూడండి. ఒట్టి మెథడ్ పేరు కాదు, దాంతో పాటు ఆర్గ్యుమెంట్ల టైపులు, తిరిగొచ్చే టైపు కూడా ఉంటాయి. జేవీఎం దృష్టిలో అవన్నీ కలిస్తేనే పూర్తి పేరు. అంటే వర్చువల్ మెషీన్ దగ్గర ఓవర్‌లోడింగ్ అనేదే లేదు, అక్కడ ప్రతి మెథడ్ కీ ఇంటిపేరు ఉంది. మనం కోడ్ లో సగం పేరు రాస్తాం, మిగతా సగం కంపైలర్ మనకి చెప్పకుండా రాసి పెడుతుంది. ఓవర్‌లోడింగ్ అంటే ఇంతే.

ఇప్పుడు క్లోజర్ కి వద్దాం. రిచ్ హికీ 2007లో బయటపెట్టిన లాంగ్వేజ్ ఇది. లిస్ప్ కుటుంబంలోది. జేవీఎం మీద నడుస్తుంది, జావా లైబ్రరీలన్నిటినీ నేరుగా పిలవొచ్చు. దాని స్వంత ఫంక్షన్లలో టైపుని బట్టి ఓవర్‌లోడింగ్ లేదు. ఒకే ఫంక్షన్ కి రెండు ఆర్గ్యుమెంట్ల రూపం, మూడు ఆర్గ్యుమెంట్ల రూపం ఉండొచ్చు. టైపుని బట్టి ప్రవర్తన మారాలంటే మల్టీమెథడ్ అనో ప్రోటోకాల్ అనో బాహాటంగా ప్రకటించాలి. ఎర్లాంగ్ ఇంకా కచ్చితం, అక్కడ ఆర్గ్యుమెంట్ల సంఖ్య కూడా పేరులో భాగమే. డైనమిక్ లాంగ్వేజ్ అంటే ఇష్టారాజ్యం అనుకునేవాళ్ళు ఇది గమనించాలి. పేర్ల విషయంలో వీళ్ళు జావా కంటే క్రమశిక్షణ ఉన్నవాళ్ళు.

చిక్కంతా సరిహద్దు దాటి జావాలోకి అడుగు పెట్టినప్పుడే. క్లోజర్ కంపైలర్ కి టైపులు తెలిస్తే అది కూడా జావా కంపైలర్ లాగే పూర్తి పేరు రాసేస్తుంది. తెలియకపోతే పనిని రన్‌టైమ్ కి వాయిదా వేస్తుంది. అప్పుడు రిఫ్లెక్షన్ అనే దారిలో వెళ్ళి, ఆ క్లాస్ లో ఈ పేరుతో, ఇన్ని ఆర్గ్యుమెంట్లతో ఎవరెవరున్నారో అడిగి, చేతిలో ఉన్న విలువలకి సరిపోయేవాడిని వెతుకుతుంది. ఇది నిదానం అని అందరికీ తెలుసు, దాని గురించి బోలెడు వ్యాసాలున్నాయి. నా గొడవ వేగం గురించి కాదు. సరిపోయేవాళ్ళు ఇద్దరుంటే ఏం జరుగుతుందన్నది నా గొడవ.

ఒక నిజమైన ఉదాహరణ చెప్తాను. 2016లో ఒక కంపెనీలో (పేరు అనవసరం) పక్క టీంకి సాయం చేయమని నన్ను పిలిచారు. వాళ్ళది రాత్రిపూట నడిచే జాబ్. బ్యాంకు నుంచి వచ్చిన లావాదేవీల ఫైలుని తమ రికార్డులతో పోల్చి ఎన్ని తేడాలున్నాయో లెక్క చెప్పాలి. ఫైలుని ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ ఎగ్జిక్యూటర్ సర్వీస్ కి ఇచ్చి, తిరిగొచ్చిన ఫ్యూచర్ల నుంచి అంకెలు తీసి కూడతారు. ముఖ్యమైన లైను ఒక్కటే. తెలుగక్షరాల్లో రాస్తే ఇలా ఉంటుంది:

(.సబ్మిట్ పూల్ పని)

లాప్‌టాప్ మీద అంతా బాగానే ఉంది. సర్వర్ మీద తొమ్మిది రాత్రుల పాటు రిపోర్ట్ లో "తేడాలు: 0" అని వచ్చింది. అందరూ సంతోషించారు కూడా. పదో రోజు క్లయింట్ వైపు అకౌంట్స్ వాళ్ళు ఫోన్ చేసి, మాకిక్కడ తేడాలు కనిపిస్తున్నాయి, మీకెందుకు కనిపించట్లేదని అడిగారు.

జరిగింది ఇది. ఎగ్జిక్యూటర్ సర్వీస్ లో ఒక్క ఆర్గ్యుమెంట్ తీసుకునే సబ్మిట్లు రెండున్నాయి. ఒకటి కాలబుల్ ని తీసుకుంటుంది, పని చేసి ఫలితాన్ని ఫ్యూచర్ లో పెడుతుంది. రెండోది రన్నబుల్ ని తీసుకుంటుంది, పని చేస్తుంది, ఫలితం ఏదీ ఉండదు కాబట్టి ఫ్యూచర్ ని అడిగితే నల్ ఇస్తుంది. ఇది బగ్ కాదు, జావా డాక్యుమెంటేషన్ లోనే రాసి ఉంది. క్లోజర్ లో ప్రతి ఫంక్షనూ కాలబుల్ అవుతుంది, రన్నబుల్ కూడా అవుతుంది. సౌకర్యం కోసం అలా చేశారు. కాబట్టి ఈ పిలుపుకి రెండు సబ్మిట్లూ సమానంగా సరిపోతాయి.

అక్కడే ఫంక్షన్ రాసి నేరుగా ఇస్తే, పూల్ టైపు కూడా తెలిస్తే, కంపైలర్ ఒకటి కంటే ఎక్కువ సరిపోతున్నాయని ఎర్రర్ ఇచ్చి ఆగేది. కానీ ఇక్కడ పని అన్నది ఎక్కడినుంచో ఆర్గ్యుమెంట్ గా వచ్చిన విలువ. దాని టైపు కంపైలర్ కి తెలీదు. విషయం రన్‌టైమ్ కి వెళ్ళింది. అక్కడ రిఫ్లెక్షన్ ఇచ్చిన జాబితాలో ముందు ఎవరు కనపడితే వాడికే పని దక్కింది. ఆ జాబితా ఏ వరసలో వస్తుంది? ఏ వరసా లేదని జావా వాళ్ళ గెట్‌మెథడ్స్ డాక్యుమెంటేషన్ చెప్తుంది. లాప్‌టాప్ లో ఉన్న జావా బిల్డ్ వేరు, సర్వర్ లో ఉన్నది వేరు. అక్కడ కాలబుల్ ముందొచ్చింది, ఇక్కడ రన్నబుల్.

పని మాత్రం రెండు చోట్లా జరిగింది. లాగ్ లో అన్నీ సక్రమంగానే ఉన్నాయి. తిరిగొచ్చిన నిల్ ని, కూడిక దగ్గర ఎప్పుడో ఎవరో పెట్టిన "లేకపోతే సున్నా అనుకో" అనే జాగ్రత్త మింగేసింది.

తర్వాత రివ్యూ మీటింగ్. ఆ లైను రాసింది చేరి ఏడాదిన్నర అయిన కుర్రాడు. మేనేజర్ గారు "ఏమయ్యా, టెస్ట్ చేయకుండా ఎలా పెట్టావ్?" అన్నారు. చేశాడు పాపం, లాప్‌టాప్ మీద టెస్ట్ పాసైంది. ఆర్కిటెక్ట్ గారు "డైనమిక్ లాంగ్వేజ్ వాడితే ఇంతే, మొదటే చెప్పాను" అన్నారు. రెండు నెలల్లో ఆ జాబ్ ని జావాలో తిరగరాయాలని తీర్మానించారు. ఆ ఏడాది అప్రైజల్ లో కుర్రాడికి ఏం వచ్చి ఉంటుందో మీరే ఊహించుకోండి. బయటికొచ్చాక నన్ను అడిగిన ప్రశ్న మాత్రం నాకు బాగా గుర్తుంది. "అన్నా, పూల్ కి పని ఇమ్మన్నాను. ఇచ్చింది. నేను రాసిన దాంట్లో తప్పేముంది?"

నిజంగానే ఏముంది? లైను చదివితే అర్థం స్పష్టంగా ఉంది. ఈ పనిని పూల్ కి ఇవ్వు. "ఫలితం దాచిపెట్టి ఇవ్వు", "ఫలితం పారేసి ఇవ్వు" అనే రెండు వేర్వేరు పనులకి 2004లో జావా 5 వచ్చినప్పుడు ఒకే పేరు పెట్టారని ఆ లైను చూసి ఎవరికి తెలుస్తుంది? విచిత్రమేమిటంటే ఈ సంగతి క్లోజర్ రాసినవాళ్ళకి తెలుసు. లాంగ్వేజ్ తో పాటు వచ్చే ఫ్యూచర్ సదుపాయం సోర్స్ తెరిచి చూడండి. వాళ్ళు కూడా అదే సబ్మిట్ ని పిలుస్తారు, కానీ ఇలా:

(.సబ్మిట్ పూల్ ^కాలబుల్ పని)

ఆ గుర్తు పక్కనున్న మాటే టైప్ హింట్. అదే ఇంటిపేరు. లాంగ్వేజ్ కట్టినవాళ్ళే అది రాయకుండా ఉండలేకపోయారు. ఇక ఏడాదిన్నర అనుభవం ఉన్న కుర్రాడిని ఎందుకంటాం?

ఇది ఒక్క సబ్మిట్ కథ అయితే ఇంత రాసేవాడిని కాదు. ఇంకో రెండు చూడండి.

లిస్ట్ లో రిమూవ్ అనే మెథడ్లు రెండు. ఇంట్ ఇస్తే ఆ స్థానంలో ఉన్నదాన్ని తీసేస్తుంది. ఆబ్జెక్ట్ ఇస్తే దానికి సమానమైన విలువని వెతికి తీసేస్తుంది. 10, 20, 30 ఉన్న లిస్ట్ లో రిమూవ్ కి 1 ఇస్తే మొదటి అర్థంలో 20 పోతుంది, రెండో అర్థంలో ఏమీ పోదు. క్లోజర్ లో 1.3 నుంచి (2011) రాసిన ప్రతి పూర్ణాంకమూ లాంగ్. అది ఇంట్ కాదు, అవసరమైతే ఇంట్ గా మారగలదు, బాక్స్ చేస్తే ఆబ్జెక్ట్ కూడా. అంటే రెండు దారులూ తెరిచే ఉన్నాయి. ఏ దారిన వెళ్తుందో చెప్పాలంటే కంపైలర్ లోపలి నియమాలు తెలియాలి. లైను చదివి మాత్రం చెప్పలేం.

రెండోది డబ్బుతో వ్యవహారం. బిగ్‌డెసిమల్ కి ఒక్క ఆర్గ్యుమెంట్ తీసుకునే కన్‌స్ట్రక్టర్లు ఆరున్నాయి. "0.1" అనే స్ట్రింగ్ ఇస్తే సరిగ్గా 0.1 వస్తుంది. 0.1 అనే డబుల్ ఇస్తే 0.1000000000000000055511151231257827021181583404541015625 వస్తుంది. డబుల్ లో నిజంగా దాగున్న విలువ అదే కాబట్టి దాని తప్పు లేదు. జావాలో ఈ రెంటిలో ఏది అన్నది కోడ్ రాసిన రోజే తేలిపోతుంది. టైప్ హింట్ లేని క్లోజర్ లో ఆ రోజు వచ్చిన డేటాని బట్టి తేలుతుంది. అవతలి సర్వీస్ వాళ్ళు జేసన్ లో ఇన్నాళ్ళూ మొత్తాన్ని కోట్స్ లో పెట్టి పంపి, ఒక శుక్రవారం కోట్స్ తీసేస్తే, మన వైపు ఒక్క అక్షరం మారకుండానే వేరే కన్‌స్ట్రక్టర్ మొదలవుతుంది. ఎర్రర్ రాదు. పైసలు మాత్రం ఎక్కడో తేడా కొడతాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. "ఇదంతా స్టాటిక్ లాంగ్వేజ్ వాడితే పోయేది కదా?" అని. కొంత పోతుంది, ఒప్పుకుంటాను. ఆ రాత్రి జాబ్ జావాలో రాసి ఉంటే కాలబుల్ నా రన్నబుల్ నా అన్నది కంపైలర్ తేల్చేది. కానీ మొత్తం పోతుందనుకుంటే పొరపాటు. స్ట్రింగ్ క్లాస్ లోని వాల్యూఆఫ్ కి జావాలోనే నేరుగా నల్ ఇచ్చి చూడండి. "నల్" అనే మాట తిరిగొస్తుందని అనుకుంటాం. కంపైలర్ మాత్రం ఆబ్జెక్ట్ కంటే క్యారెక్టర్ అర్రే నిర్దిష్టమైనదని దాన్ని ఎంచుకుంటుంది, ప్రోగ్రాం నల్ పాయింటర్ తో పడిపోతుంది. 'ఎ' అక్షరానికి 1 కలిపి స్ట్రింగ్ బిల్డర్ కి అతికిస్తే 'బి' రాదు, 98 వస్తుంది. పక్క సీట్లో కూర్చున్న కంపైలర్ కూడా మొహాలు పోల్చుకోవడంలో మన మనసులో ఉన్నది చూడదు, దాని రూల్ చూస్తుంది.

రిమూవ్ గురించి పెద్దగా విసుక్కున్నది డైనమిక్ లాంగ్వేజ్ అభిమాని ఎవరో కాదు. జాషువా బ్లాక్. జావా కలెక్షన్స్ ని డిజైన్ చేసినాయనే. ఆయన ఎఫెక్టివ్ జావా పుస్తకంలో ఓవర్‌లోడింగ్ ని ఆచితూచి వాడమని ఒక అంశమే ఉంది, అందులో ఈ రిమూవ్ ఉదాహరణ కూడా ఉంది. జావా 5లో జనరిక్స్, ఆటోబాక్సింగ్ వచ్చాక లిస్ట్ ఇంటర్‌ఫేస్ దెబ్బతిన్నదని ఆయనే అంటాడు. ఒకే సంఖ్యలో ఆర్గ్యుమెంట్లు ఉన్న రెండు ఓవర్‌లోడ్లు పెట్టకపోవడమే మంచిదని, పేరు మార్చుకునే అవకాశం ఎప్పుడూ ఉంటుందని ఆయన సలహా. ఆబ్జెక్ట్ అవుట్‌పుట్ స్ట్రీం లో రైట్‌బూలియన్, రైట్‌ఇంట్, రైట్‌లాంగ్ అని వేర్వేరు పేర్లున్నది చూపిస్తాడు.

కోట్లిన్ చూడండి. పూర్తిగా స్టాటిక్ లాంగ్వేజ్, జావా లైబ్రరీ మీదే నిలబడింది. అయినా స్థానాన్ని బట్టి తీసే రిమూవ్ కి రిమూవ్‌ఎట్ అని వేరే పేరు పెట్టుకున్నారు. పైథాన్ లో విలువని తీయడానికి రిమూవ్, స్థానాన్ని బట్టి తీయడానికి పాప్. అంటే స్టాటిక్, డైనమిక్ అనే రెండు వర్గాల వాళ్ళూ ఇక్కడ ఒకే నిర్ణయానికొచ్చారు. రెండు పనులైతే రెండు పేర్లు.

అలాగని ఓవర్‌లోడింగ్ అంతా పాపమని నేననడం లేదు. ప్రింట్‌ఎల్‌ఎన్ కి పది రూపాలున్నాయి. దాదాపు అన్నీ చేసేది ఒక్కటే, ఇచ్చింది అచ్చు వేయడం. పొరపాటున ఒకదానికి బదులు ఇంకోటి వెళ్ళినా సాధారణంగా లోకం మునిగిపోదు. నా కొలత ఇది: రెండు ఓవర్‌లోడ్లలో ఒకటి అనుకుని రెండోది పిలిస్తే ఫలితం మారుతుందా? మారకపోతే ఒకే పేరు పెట్టుకోండి, ఎవరికీ నష్టం లేదు. మారేట్టయితే అవి ఒకే మెథడ్ కి రెండు రూపాలు కావు. రెండు మెథడ్లు ఒకే పేరు అద్దెకి తీసుకుని ఉంటున్నాయి, అంతే.

లైబ్రరీ రాసేవాళ్ళు పట్టించుకోని ఇంకో సంగతి ఉంది. కొత్త ఓవర్‌లోడ్ చేర్చడం ఎవరినీ బాధించదని మనం అనుకుంటాం. పాతది తీసెయ్యట్లేదు కదా, పక్కన ఇంకోటి పెడుతున్నాం. కానీ క్లోజర్ కంపైలర్, ఆబ్జెక్ట్ టైపు తెలిసి, ఆ పేరుతో అన్ని ఆర్గ్యుమెంట్లు తీసుకునే మెథడ్ ఒక్కటే ఉంటే, ఆర్గ్యుమెంట్ల టైపులు అడగదు. ఊళ్ళో ఒక్కడే శ్రీనివాస్ ఉంటే ఇంటిపేరెందుకు? రెండోవాడు దిగిన రోజు నుంచి కావాలి.

2018లో వచ్చిన జావా 11లో ఇదే జరిగింది. కలెక్షన్ లో ఒక్క ఆర్గ్యుమెంట్ తీసుకునే టుఅర్రే అప్పటిదాకా ఒకటే ఉండేది, అర్రే తీసుకునేది. జావా 11 దాని పక్కన ఫంక్షన్ తీసుకునే టుఅర్రే ఇంకోటి చేర్చింది. జావాలో ఎవరైనా టుఅర్రే కి నల్ ఇచ్చి ఉంటే ఆ కోడ్ కంపైల్ అవడం మానేసింది. ఎవరూ చేయని పని కాబట్టి జావా వాళ్ళకి పెద్ద గొడవ కాలేదు. క్లోజర్ వైపు మాత్రం ముందు రోజు వరకు నేరుగా వెళ్ళిన పిలుపులు రిఫ్లెక్షన్ లో పడ్డాయి. అదే ఏడాది డిసెంబర్ లో వచ్చిన క్లోజర్ 1.10లో, జావా 11 వల్ల వచ్చిన ఈ తికమక తీరడానికి లాంగ్వేజ్ సోర్స్ లోనే ఒక టైప్ హింట్ చేర్చాల్సొచ్చింది. పేరు పెట్టినవాడు ఒకడు, ఖర్చు కట్టినవాడు ఇంకొకడు అని నేనన్నది ఇందుకే.

సరే, బాధంతా చెప్పుకున్నాం, చేయాల్సిందేమిటి? మనం వెళ్ళి ఎగ్జిక్యూటర్ సర్వీస్ ని మార్చలేం. క్లోజర్ గానీ, జేవీఎం మీద ఇంకో డైనమిక్ లాంగ్వేజ్ గానీ వాడేవాళ్ళకి నాకు పనికొచ్చినవి చెప్తాను.

మొదటిది, రిఫ్లెక్షన్ వార్నింగ్ ని ఆన్ చేయండి. క్లోజర్ లో అది మామూలుగా ఆఫ్ లో ఉంటుంది. ఆన్ చేసి ఊరుకుంటే చాలదు, మీ స్వంత కోడ్ లో ఒక్క వార్నింగ్ వచ్చినా బిల్డ్ ఆగిపోయేలా పెట్టండి. నాలుగొందల వార్నింగులు పారే చోట నాలుగొందల ఒకటోది ఎవరి కంటా పడదు. వేగం కోసం కాదు ఇది. ప్రతి వార్నింగూ "ఏ మెథడ్ కి వెళ్తుందో నాకు తెలీదు" అని కంపైలర్ నిజాయితీగా చేతులెత్తేయడం. ఆ మాట ఇందాకటి రాత్రి జాబ్ లో ఎవరికైనా వినపడి ఉంటే తొమ్మిది రాత్రులు కాదు, తొమ్మిది నిమిషాలు పట్టేది.

రెండోది, జావాని పిలిచే లైన్లన్నీ ఒకచోట పెట్టండి. ఇంట్లోకొచ్చేవాళ్ళు చెప్పులు గుమ్మం దగ్గర విడుస్తారు, వంటింట్లో కాదు. ఒక చిన్న నేమ్‌స్పేస్ పెట్టుకుని అందులో "ఫలితం కావాలి, పూల్ కి ఇవ్వు", "ఈ స్థానంలోది తీసెయ్" అని అసలు పని చెప్పే పేర్లతో ఫంక్షన్లు రాసి, టైప్ హింట్లు వాటి లోపలే ఉంచండి. మిగతా కోడ్ అంతా ఆ పేర్లనే పిలవాలి. జావా వాళ్ళు పెట్టని రెండో పేరు మనమే పెడుతున్నామన్నమాట. హింట్లని కోడ్ అంతా చల్లితే ఎవరో ఒకరు "ఇది అనవసరం" అని తీసేస్తారు. ఒకచోట ఉంటే ఎందుకున్నాయో తెలుస్తుంది.

మూడోది, విలువలని కూడా ఆ గుమ్మం దగ్గరే మార్చేయండి. డబ్బు లోపలికొచ్చేటప్పుడు స్ట్రింగ్ అయితేనే ఒప్పుకోండి. డబుల్ వస్తే ఎర్రర్ ఇచ్చి వెనక్కి పంపండి. మధ్యలో ఎక్కడో సర్దుకుపోవడం వద్దు. టైప్ హింట్ విలువని మార్చదని గుర్తుంచుకోండి, అది కంపైలర్ కి మనమిచ్చే మాట మాత్రమే. కాలబుల్ అని చెప్పి ఇంకేదో ఇస్తే క్లాస్ కాస్ట్ ఎర్రర్ తో పడిపోతుంది. పడిపోనివ్వండి. అరిచి పడిపోయే ప్రోగ్రాం నవ్వుతూ సున్నా చెప్పే ప్రోగ్రాం కంటే నూరుపాళ్ళు నయం.

నాలుగోది, 2024 సెప్టెంబర్ లో వచ్చిన క్లోజర్ 1.12 కి మారగలిగితే మారండి. అందులో మెథడ్ ని దాని క్లాస్ పేరుతో సహా రాసి, ముందు చదరపు బ్రాకెట్లలో ఆర్గ్యుమెంట్ల టైపుల వరస ఇవ్వొచ్చు. అంటే విలువ విలువకీ హింట్ తగిలించకుండా, ఫలానా మెథడ్ అని ఒకేచోట పూర్తి పేరుతో చెప్పొచ్చు. క్లాస్ ఫైల్లో ఎప్పటినుంచో ఉన్న పూర్తి పేరుని మనిషి రాసేలా చేశారు, అంతకంటే ఏం లేదు. పదిహేడేళ్ళు పట్టింది గానీ వచ్చింది, సంతోషం.

చివరిగా, జావా రాసేవాళ్ళతో ఒక మాట. మనలో ఎక్కువమందిమి బతుకంతా వేరేవాళ్ళు ఎప్పుడో రాసిన మెథడ్లని పిలుస్తూ గడుపుతాం. మెయింటెనెన్స్ ప్రాజెక్టంటే అదే కదా. కాబట్టి పేరు పెట్టే అవకాశం చేతికొచ్చినప్పుడు ఒక్క నిమిషం ఆగండి. ప్రాసెస్ అనే పేరుతో మెథడ్ ఒకటి ముందే ఉంది, ఇంకో టైపు తీసుకునేదీ దాని పక్కనే పెడదామనిపిస్తుంది. ఐడీఈ కూడా ఏమీ అనదు. రెండోది చేసే పని వేరైతే దానికి వేరే పేరు పెట్టండి. రేపు దాన్ని ఏ లాంగ్వేజ్ నుంచి పిలుస్తారో మనకి తెలీదు. ఎవరు పిలుస్తారో కూడా తెలీదు. బహుశా ఏ ఊరినుంచో వచ్చి కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లో పిల్లాడో అయుంటారు. వాళ్ళు లైను చదివి, అర్థమైందనుకుని, సరిగ్గా అదే రాస్తారు. అప్పుడు ప్రోగ్రాం కూడా సరిగ్గా అదే చేయాలి. మంచి పేరు నుంచి నేను కోరేది అంతే.